గొడుగుల కంపెనీ డీల్ ఎవరిది

అది 2022. కరోనా భయం తగ్గి నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో మళ్లీ మూడు షిఫ్టులు మొదలైన ఏడాది. ఉప్పల్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మా ఆఫీసు ఉండేది. ఫ్యాక్టరీల్లో సరుకు నిల్వలు, తయారీ, కొనుగోళ్లు, బిల్లులు అన్నీ ఒకేచోట చూసుకునే పెద్ద సాఫ్ట్‌వేర్ మా కంపెనీ తయారుచేస్తుంది. నేను అందులో ఛానల్ మేనేజర్‌ని. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు.

ఛానల్ మేనేజర్ అంటే మా ఇంట్లోవాళ్లకే ఇప్పటికీ సరిగ్గా తెలియదు కాబట్టి కొంచెం చెబుతాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన కంపెనీ నేరుగా ఫ్యాక్టరీలకు అమ్మదు. సబ్బుల కంపెనీకి హోల్‌సేల్ వ్యాపారి ఉన్నట్టే మాకూ డిస్ట్రిబ్యూటర్లు ఉంటారు. లైసెన్సులు వాళ్లు తీసుకుంటారు, వాళ్ల దగ్గర చిన్న డీలర్లు తీసుకుంటారు, డీలర్లు ఫ్యాక్టరీల్లో పెడతారు. సబ్బుకూ దీనికీ తేడా ఏమిటంటే, ఒక్కో ఫ్యాక్టరీ చేత సరేననిపించడానికి ఆర్నెల్లు తిరగాలి. ఒకరు ఆర్నెల్లు తిరిగాక ఇంకొకరొచ్చి ధర తగ్గించి ఎగరేసుకుపోకుండా డీల్ రిజిస్ట్రేషన్ అనే పద్ధతి ఉంది. ఫలానా ఫ్యాక్టరీకి ముందు మేం వెళ్లాం అని డిస్ట్రిబ్యూటర్ మా పోర్టల్‌లో నమోదు చేస్తాడు. నేను చూసి ఒప్పుకుంటే ఆ ఫ్యాక్టరీకి ప్రత్యేక ధర అతనికే ఇస్తాం. ఇద్దరు ఒకే ఫ్యాక్టరీ పేరు పెడితే ఎవరు ముందో తేల్చాల్సింది నేనే.

మా వైపు డిస్ట్రిబ్యూటర్ యాదిరెడ్డి. అందరూ యాదన్న అనేవాళ్లు. ఉప్పల్ పాత ఊరి మనిషి. అరవైకి దగ్గర పడుతున్న వయసు. వాళ్ల నాన్న వరి పండించిన చోట ఇప్పుడు కార్ల షోరూం ఉంది. యాదన్న ముప్పై ఏళ్లు నాచారంలో బేరింగులు, మోటార్లు హోల్‌సేల్ చేశాడు. ఫ్యాక్టరీల స్టోర్ వాళ్లు "ఏదన్న మంచి సాఫ్ట్‌వేర్ ఉంటె సూడన్నా" అని అడగ్గా అడగ్గా ఈ వ్యాపారంలోకి వచ్చాడు. వచ్చాక గోదాం కూడా వదిలేశాడు. తొమ్మిది మంది పనివాళ్లు, ఇరవై మంది దాకా డీలర్లు. అందరికీ ఆధారం మా కంపెనీ ఏటా ఇచ్చే డిస్ట్రిబ్యూటర్‌షిప్ కాగితమే.

ఆయన పని పద్ధతి వేరు. మా వాళ్లు ఫ్యాక్టరీ యజమాని ముందు ల్యాప్‌టాప్ తెరిస్తే, ఆయన స్టోర్ కిటికీ దగ్గర నిలబడేవాడు. "ఓనరు సంతకం పెడ్తడు గంతే. రోజు తిట్టుకునేది స్టోర్ల మనిషి. ఆమెకు నచ్చాలె," అనేవాడు.

'ఆమె' అని ఊరికే అనలేదు. ఒకరోజు పొద్దున నన్ను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని మల్లాపూర్ రోడ్డు మీద గొడుగుల కంపెనీకి తీసుకెళ్లాడు. అక్కడ స్టోర్ ఇన్‌చార్జి బాలమణి. ఆ కంపెనీలో ఒక్క గొడుగు కూడా లేదు. ఎప్పుడో గొడుగు ఊచలు చేసేవాళ్లట. ఆ తీగ పనితోనే స్ప్రింగుల్లోకి, వాటి నుంచి బండ్ల విడిభాగాల్లోకి వెళ్లారు. కాగితాల మీద పేరు రెండుసార్లు మారింది. ఇప్పుడు చివర ప్రైవేట్ లిమిటెడ్ ఉన్న పొడుగాటి ఇంగ్లీషు పేరు. అయినా ఆటోవాళ్లకు, కూలీలకు, గేటు దగ్గర వాచ్‌మన్‌కు సైతం అది గొడుగుల కంపెనీయే.

బాలమణి మమ్మల్ని గంటసేపు నిలబెట్టి ప్రశ్నలు అడిగింది. చివరకు యాదన్నతో, "సరే అన్నా, పెద్దసార్‌కు చెప్త. గని రేపు ఇది సతాయిస్తే నీ ఇంటి ముంగట కూసుంట," అంది.

"కూసో. చాయ్ ఇస్త," అన్నాడు యాదన్న.

మరుసటి రోజు ఆయన ఆఫీసు నుంచి సునీత ఫోన్ చేసింది. పోర్టల్‌లో డీళ్లు నమోదు చేసేది ఆమే.

"సార్, గీ గడిల లీగల్ నేమ్ రాయమంటుంది. మా దగ్గర గేటు కాడ పిలిచే పేరే ఉన్నది, గొడుగుల కంపెనీ అని. జీఎస్టీ కాగితం వారంల ఇస్తమన్నరు. ఆగుదునా?"

ఆ సాయంత్రం వారం రివ్యూ ఉంది. ఎన్ని కొత్త డీళ్లు వచ్చాయో నేను మా బాస్‌కు చెప్పాలి. "ఆగొద్దమ్మా. ఉన్న పేరే పెట్టేయ్. తర్వాత మార్చుకుందాం," అన్నాను.

"మార్చుడు మా చేతిల ఉండది సార్. ఒక్కపారి పెడ్తె మీరే మార్చాలె. యాదికుంటదా?"

"ఉంటుందమ్మా. పెట్టు."

వారం తర్వాత ఆమె జీఎస్టీ కాగితం ఫొటో పంపి, "సార్, అసలు పేరు ఇదే. మార్చిన్రా?" అని మెసేజ్ పెట్టింది. నేను కారు నడుపుతున్నాను. సిగ్నల్ దగ్గర ఆగి బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి పంపాను. చూశాను, మారుస్తాను అని నా ఉద్దేశం. మార్చేశాను అని ఆమెకు అర్థమైంది. తప్పు ఆమెది కాదు. ప్రశ్న మార్చారా అని, జవాబు బొటనవేలు. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను మార్చలేదు. మరిచిపోయాను.

ఇంతవరకు జరిగింది మరుపు. దానికే అయితే ఈ రాత అక్కర్లేదు.

రెండు నెలల తర్వాత ఇంకో డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి ఒక రిజిస్ట్రేషన్ వచ్చింది. వాళ్లు దేశమంతా శాఖలున్న పెద్ద సంస్థ. మా ఏరియాలో తమకు డీళ్లే రావట్లేదని పైన ఫిర్యాదు చేసి ఉన్నారు. వాళ్లకు ఏదో ఒకటి వచ్చేలా చూడమని బాస్ నాకు రెండుసార్లు చెప్పాడు. వాళ్లు పెట్టిన పేరు ఆ పొడుగాటి ఇంగ్లీషు పేరు. అడ్రస్ మల్లాపూర్ రోడ్డు. పోర్టల్ వెతికి, ఈ పేరుతో ముందు ఎవరూ లేరని పచ్చరంగులో చూపించింది.

అడ్రస్ చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ గేటు, ఆ కిటికీ, బాలమణి నిలబెట్టి అడిగిన ప్రశ్నలు అన్నీ గుర్తొచ్చాయి. అప్పుడైనా యాదన్న డీల్‌లో పేరు సరిచేసి వీళ్లది తిరగ్గొట్టొచ్చు. రెండు నిమిషాల పని. నేను అప్రూవ్ నొక్కాను. పోర్టలే లేదంటోంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

అసలు పేరు మీద నమోదైంది వాళ్లదే కాబట్టి ప్రత్యేక ధర పెద్ద సంస్థకు వెళ్లింది. వాళ్ల డీలరు ఆ ధర చూపించేసరికి ఫ్యాక్టరీ యజమాని, బాలమణి చెప్పిన పెద్దసారు, వాళ్లకే సరేనన్నాడు. యాదన్న నాకు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, మీటింగ్‌లో ఉన్నానని చెప్పాను.

అసలు మీటింగ్ ఆ నెలాఖరున ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. డీలర్లు, ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లు, వేదిక మీద మా బాస్, పక్కన నేను. పెద్ద సంస్థ మనిషి లేచి, కొందరు లేని కంపెనీల పేర్లు నమోదు చేసి కస్టమర్లను పట్టి ఉంచుతున్నారని అన్నాడు. యాదన్న వెంటనే లేచాడు.

"నన్నే అంటున్నరు. గొడుగుల కంపెనీకి ముందుగాల పోయింది నేను. ప్రభాకర్ సారు గూడ వచ్చిండు. అడుగున్రి."

బాస్ నా వైపు తిరిగాడు. "ఏమిటి ప్రభాకర్?"

నేను మైకు తీసుకున్నాను. ఆ రోజు నేనన్న మాటలు అక్షరాలా ఇవి: "గొడుగుల కంపెనీ అనే పేరుతో ఎక్కడా రిజిస్టరైన కంపెనీ లేదు సార్."

అందులో అబద్ధమైన ముక్క ఒక్కటీ లేదు. మొత్తం కలిపితే అబద్ధం.

వెనక నుంచి ఎవరో, "గొడుగులా? వానకాలం ఆఫరా యాదన్నా?" అన్నారు. హాలంతా నవ్వింది. "ఒక చెప్పుల కంపెనీ గూడ రాసుకోరాదే," అని ఇంకొకరు. యాదన్న పక్కన కూర్చున్న సునీత ఫోన్ తీసి మెసేజ్ వెతుకుతోంది. నా బొటనవేలు ఆమె చేతిలో ఉంది. ఆమె లేవబోయింది. యాదన్న ఆమె చేతి మీద చెయ్యి పెట్టి, "లోపల పెట్టు బిడ్డా. కూసో," అన్నాడు. నాకు వేదిక మీదికి వినిపించింది.

దొంగ రిజిస్ట్రేషన్ చేసినందుకు యాదన్న డిస్ట్రిబ్యూటర్‌షిప్ రెన్యువల్‌ను ఆపి ఉంచుతున్నట్టు బాస్ అక్కడే ప్రకటించాడు. మార్చి ఆఖరులోపు తేలుస్తామన్నాడు. తేలకపోతే ఏప్రిల్ ఒకటి నుంచి ఆ తొమ్మిది మందికి పని ఉండదు.

జనవరిలో గొడుగుల కంపెనీలో మా సాఫ్ట్‌వేర్ మొదలైంది. రెండో వారానికి పెద్దసారు నాకు ఫోన్ చేసి, వచ్చి చూడండి, లేదంటే వెనక్కి తీసుకుపొండి అన్నాడు.

వెళ్లేసరికి స్టోర్ కిటికీ ముందు పొడుగాటి లైను. ఒక కార్మికుడు లోపలికి తల పెట్టి, "అక్కా, రెండొందల జిలేబీలు, యాభై తేలుకొండ్లు," అంటున్నాడు. బాలమణి కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"రా సార్. మీ మిషన్ల జిలేబి ఏడుందో తీసియ్యి," అంది.

చుట్టలు చుట్టుకుని ఉండే స్ప్రింగ్ జిలేబి. కొస వంకర తిరిగినది తేలుకొండి. పైపు చుట్టూ బిగించే పట్టీ వడ్డాణం. ముప్పై ఏళ్లుగా ఆ షెడ్డులో అవే పేర్లు. సాఫ్ట్‌వేర్ పెట్టిన డీలరు డ్రాయింగులు చూసి పన్నెండంకెల కోడ్‌లు ఎక్కించి వెళ్లిపోయాడు. ఏ కోడ్ జిలేబీయో ఎవరికీ తెలియదు. తప్పు స్ప్రింగులు వెళ్లి ఒక రోజు మిషన్లు ఆగాయి. పెద్ద సంస్థకు ఫోన్ చేస్తే, లైసెన్స్ అందజేయడంతో మా పని అయిపోయింది, మిగతాది డీలరు చూసుకోవాలి అన్నారు. డీలరు ఫోన్ ఎత్తడం మానేశాడు.

నాకు వెళ్లడానికి ఒకే చోటు మిగిలింది. నాచారంలో యాదన్న ఆఫీసుకు వెళ్లాను. సునీత తల ఎత్తలేదు. యాదన్న మాత్రం కుర్చీ చూపించాడు. సంగతి చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"డీల్ వాళ్లది గద సారూ. నన్నెందుకు అడుగుతున్నవు?"

"వాళ్లకు చేతకాదన్నా. నీకు తెలుసు ఆ స్టోరు."

"గొడుగుల కంపెనీ లేదంటివి గద. లేని కంపెనీల స్టోరెట్ల ఉంటది?"

నేను తల దించుకున్నాను. ఆయన సునీత టేబుల్ వైపు తిరిగాడు. "సునీతా, రేపటి సంది గాడికే పోదాం. ల్యాప్‌టాప్ పట్టుకో." నా వైపు తిరిగి, "నీ కోసం కాదు. బాలమణికి చెప్పింది నేను. సతాయిస్తే నా ఇంటి ముంగట కూసుంటనన్నది," అన్నాడు. నవ్వలేదు.

నాలుగు రోజులు వాళ్లిద్దరూ ఆ కిటికీ లోపలే ఉన్నారు. నేనూ వెళ్లాను, కానీ పని చేసింది వాళ్లు. యాదన్న ఒక్కో స్ప్రింగ్ చేతిలోకి తీసుకుని బాలమణిని అడగడం, ఆమె చెప్పిన పేరు సునీత ఎక్కించడం. మా సాఫ్ట్‌వేర్‌లో ఏలియస్ అనే గడి ఒకటి ఉంది. వస్తువు అసలు పేరు పక్కన వాడుక పేరు రాసుకోవడానికి పెట్టిన గడి. నేను వందసార్లు డెమో ఇచ్చి ఉంటాను, ఒక్కసారీ దాన్ని చూపించలేదు. అది ఎందుకుందో సునీత చేస్తుంటే తెలిసింది. జిలేబి అని టైపు చేస్తే కోడ్ దానంతటదే వస్తోంది. మేం ఫ్యాక్టరీలకు అమ్మేదాంట్లో వాడుక పేరుకు చోటుంది. మేం డిస్ట్రిబ్యూటర్లను కొలిచే పోర్టల్‌లో లేదు. ఆ గడి లేని లోటు తీర్చడానికే కంపెనీ నన్ను కూర్చోబెట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం లైను మామూలుగా కదులుతోంది. బాలమణి డబ్బా మూతలో నాకూ కొంచెం పులిహోర పెట్టింది. తింటుంటే అడిగింది.

"సార్, మీ మీటింగుల మేం లేమన్నరట?"

నేను చేతిలో మూత పక్కన పెట్టాను.

"పంతొమ్మిదేండ్ల సంది చేస్తున్న ఈడ. లేని కంపెనీల పీఎఫ్ ఎట్ల కట్ అయితుంది? జర చెప్పరాదు!" ఆమె నవ్వుతూనే అంది. సునీత నవ్వలేదు. యాదన్న ఎటో చూస్తున్నాడు. ఈ నాలుగు రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా నన్ను పైకి మెయిల్ రాయమని అడగలేదు. అడిగి ఉంటే ఏదో సాకు చెప్పి ఉండేవాణ్ని.

చెయ్యి కడుక్కుని గేటు దగ్గర వాచ్‌మన్ బెంచీ మీద కూర్చుని ఫోన్‌లోనే బాస్‌కు రాశాను. యాదిరెడ్డితో కలిసి ఈ ఫ్యాక్టరీకి ముందు వెళ్లింది నేనే, ఆ పేరు పెట్టమన్నది నేను, మార్చకపోయింది నేను, అంతా తెలిసి రెండోదాన్ని ఒప్పుకున్నదీ నేనే అని. సునీత మెసేజ్, కింద నా బొటనవేలు, స్క్రీన్‌షాట్ తీసి జోడించాను. పంపాక ఫోన్ జేబులో పెట్టుకోలేకపోయాను, చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

బాస్ సాయంత్రానికి ఫోన్ చేశాడు. అరవలేదు. "ఇది ముందే చెప్పాల్సింది ప్రభాకర్," అన్నాడు. నన్ను ఆ ఏరియా నుంచి తప్పించారు. ఆ శిక్ష తక్కువే. మార్చి మూడో వారంలో యాదన్నకు రెన్యువల్ కాగితం వచ్చింది. తొమ్మిది మందీ పనిలో ఉన్నారు. ఆ ఫ్యాక్టరీ తర్వాత కావాల్సిన లైసెన్సులన్నీ యాదన్న ద్వారానే తీసుకుంది.

అంతా చక్కబడిందని అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. డీలర్ల మీటింగ్‌లో కూడా ఈ మాట చెప్పనా అని బాస్‌ను అడిగాను. "అయిపోయింది కదా, మళ్లీ ఎందుకు కెలకడం," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సరేనన్నాను. ఇది నా ఇంకో తప్పు. ముందువాటికంటే పెద్దది, ఎందుకంటే ఈసారి తొందరేమీ లేదు, రివ్యూ ఏమీ లేదు. హాలు నిండా మనుషుల ముందు అన్న మాటను ఒక్క మనిషికి రాసిన మెయిల్‌తో దిద్దాను.

ఏడాది కిందట ఆ కంపెనీ వదిలి వేరేచోట చేరాను. మొన్న ఒక డీలరు కలిసి, మాటల్లో, "గొడుగన్న ఇంకా నడుపుతుండు సార్ దుకాణం, అప్పట్ల దొంగ పేర్లు రాసిండు గద," అన్నాడు. యాదన్నను వాళ్లందరూ గొడుగన్న అంటున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఆయన ఎదురుగానే అంటారట. ఆయన పలుకుతాడట కూడా.

మరుసటి రోజే నాచారం వెళ్లాను. ఇదంతా రాస్తానని చెప్పాను. యాదన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇప్పుడెందుకు సారూ?"

"నేను చెప్పింది విన్నవాళ్లు ఇంకా అదే అంటున్నారన్నా."

"అననీ. పేరు పెట్టి పిలుస్తున్నరు, సరుకు తీస్కపోతున్నరు. నాకేం ఫికర్ లేదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "గని సునీతకు ఉన్నది. ఇంకో ఆఫీసుల నౌకరి అడుగబోతె, దొంగ ఎంట్రీలు చేసిన పిల్ల నువ్వేనా అన్నరట. నాకు గూడ చెప్పలె, మొన్న దాన్క."

సునీత తన టేబుల్ దగ్గర టైపు చేస్తూనే ఉంది. నేను వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. క్షమించమ్మా అన్నాను. ఆమె చేతులు ఆగాయి.

"ఆ దినం హాల్ల చూపిద్దామనుకున్న సార్. అన్న వద్దన్నడు. ఎందుకన్నా అంటే, సారుకు ఇద్దరు పిల్లలున్నరు, గందరి ముంగట వద్దు అన్నడు."

నాకు తెలియని సంగతి అది. ఆ రోజు ఆ చెయ్యి ఆమె చేతి మీద పడింది నా కోసమని ఇన్నాళ్లూ నాకు తెలియదు. భయపడ్డాడనుకున్నాను. మాతో తగువు పెట్టుకోలేక ఊరుకున్నాడనుకున్నాను. మా లాంటి కంపెనీలతో పనిచేసే డిస్ట్రిబ్యూటర్లు మా మీద ఆధారపడి బతుకుతారని మాకు నేర్పారు, మేం నమ్మాం. ఆ హాల్లో ఎవరు ఎవరి మీద ఆధారపడి నిలబడ్డారో ఇప్పుడు చెప్పగలను.

"రాయి గని నన్ను దేవుణ్ని చెయ్యకు," అన్నాడు యాదన్న వెనక నుంచి. "ఆ నాలుగు దినాలు నిన్ను మనసుల మస్తు తిట్టుకున్న."

"అది కూడా రాస్తానన్నా."

"సునీత పేరు మాత్రం మంచిగ రాయి."

నా వృత్తి గురించి తెలుసుకోవాలని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. యంత్రానికి తెలియని సంగతి తెలిసిన మనిషి ఒకడు మధ్యలో ఉండాలనే ఛానల్ మేనేజర్ అనే ఉద్యోగం పెట్టారు. తెలిసి కూడా చెప్పని రోజున నేను జీతం తీసుకున్నాను కానీ ఉద్యోగం చేయలేదు. ఆ ఉద్యోగం ఎలా చేయాలో నాకు నేర్పింది మా కంపెనీ శిక్షణ కాదు, యాదిరెడ్డి, బాలమణి, సునీత. ముగ్గురికీ రుణపడి ఉన్నాను.

ఆ రోజు ఉప్పల్ హాల్లో ఉన్న డీలర్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు విన్నది ఇలా దిద్దుకోండి. ఆ ఫ్యాక్టరీ ఉంది. దానికి ముందు వెళ్లింది యాదిరెడ్డి. సునీత ఏ దొంగ పేరూ రాయలేదు. నేను రాయమన్నది రాసింది, సరైన పేరు వారంలో పంపింది, మార్చారా అని అడిగింది కూడా. ఆమెను ఉద్యోగానికి పిలిచి ఆ ప్రశ్న వేసిన వాళ్లు ఎవరో నాకు తెలియదు. మీకు తెలిస్తే ఈ కాగితం వాళ్లకు చేర్చండి.